పై పెదవి కింద నంబరు

గుర్రం పై పెదవి పైకి మడిచి, లోపల పొడిచిన పచ్చబొట్టు నంబరు చదవడం నా ఉద్యోగం. నవ్వకండి. అమెరికాలో పన్నెండేళ్ళు అదే పని చేసి రిటైరైన దాన్ని. న్యూజెర్సీలో, పిస్కాటవేలో మా ఇంటికి భోజనాలకొచ్చే పిల్లలు, “ఆంటీ, సో యూ ఆర్ లైక్ హార్స్ డెంటిస్ట్?” అని కళ్ళు పెద్దవి చేసి అడిగేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు మాత్రం అడిగేవాళ్ళు కాదు. సాఫ్ట్‌వేరు కాదు, ఫార్మా కాదు, రేసుకోర్సులో పని అనేసరికి మాట మార్చి పప్పుచారు బాగుందనేవాళ్ళు.

ఇండియాలో వెటర్నరీ చదివి, భర్త వెనకాలో భార్య వెనకాలో ఇక్కడికొచ్చి, లైసెన్సు పరీక్షల జాబితా చూసి నీరుగారిపోయిన కుర్రవాళ్ళు ఈమధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు. ఏయే ఉద్యోగాలుంటాయి మేడమ్, అంటారు. ఆ సంగతులు ఫోన్లో చెబుతూనే ఉన్నాను. భయం సంగతి మాత్రం రాసి చెప్పాలనుకున్నాను. దాన్ని గురించి నోటితో చెప్పబోతే ఇప్పటికీ మాట మార్చేస్తాను.

మాది ప్రకాశం జిల్లా. మా నాన్న పశువుల సంతల్లో బేరగాడు. ఎద్దునైనా గుర్రాన్నైనా ఒక్క చుట్టు తిరిగి చూసి, ఎక్కడెక్కడ వెంట్రుకల సుడులున్నాయో చెప్పేవాడు. నుదుటి మీద సుడి ఎక్కడుంది, మెడ మీద ఉందా, డొక్కలో ఉందా, ఏ సుడి ఇంటికి అచ్చొస్తుంది, ఏది కొంప ముంచుతుంది, అన్నీ ఆయనకి కంఠతా. నేను వెటర్నరీ డిగ్రీ తెచ్చుకున్నాక ఈ అచ్చి రావడాలూ కొంప ముంచడాలూ ఒట్టి మాటలని ఆయనతో వాదించాను. కానీ సుడులు చూసే కన్ను మాత్రం నాకు ఆయనే ఇచ్చి పోయాడు. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. ఆ గర్వమే తరువాత నా నెత్తికెక్కింది.

పెళ్ళయ్యాక మా ఆయన హెచ్-వన్ మీద వస్తే నేను ఆయన వెనక పని చేయడానికి వీల్లేని వీసా మీద వచ్చాను. ఏళ్ళ తరబడి కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చున్నాను. గ్రీన్ కార్డు అప్లికేషన్ వేసుకునే వీలు దొరికాక నాకూ వర్క్ పర్మిట్ వచ్చింది. రేసుకోర్సులో గుర్రాల గుర్తింపు చూసే ఆవిడకి అసిస్టెంట్ కావాలని పేపర్లో చూసి వెళ్ళాను. పని చెప్పుకోవడానికి తేలిక. ప్రతి రేసుకీ ముందు గుర్రాలు గుండ్రంగా నడుస్తుంటాయి. మనం ఒక్కొక్క దాని పెదవి మడిచి నంబరు చదివి, కాగితంతో సరిచూసి, ఒంటి మీద మచ్చలూ సుడులూ పోల్చి, సరే అనాలి. నంబరుకి ముందుండే అక్షరం ఆ గుర్రం పుట్టిన సంవత్సరాన్ని చెబుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి పరిగెత్తకుండా చూడటమే మా పనంతా. “కన్ను చెప్పింది నమ్మకు, పెదవి చెప్పింది నమ్ము” అని మా బాసు మొదటి రోజే చెప్పింది. ఆవిడకి ముప్పై ఏళ్ళ అనుభవం. నేను తలూపాను. తలూపడానికేం పోయింది!

రేసు అభిమానులంటే పందెం కాసి చొక్కాలు చింపుకునేవాళ్ళే అనుకునేదాన్ని. మా ట్రాకులో వేరే రకం కూడా ఉన్నారని తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. వాళ్ళు కంచె దగ్గరే నిలబడేవాళ్ళు. ఒక్క డాలరు కాయకపోయినా ప్రతి గుర్రం తల్లి పేరు, తండ్రి పేరు, కాలికి ఎప్పుడు దెబ్బ తగిలింది, అన్నీ చెప్పేవాళ్ళు. వాళ్ళకో ఇంటర్నెట్ ఫోరం ఉండేది. ఈ దేశంలో గుర్రాల కబేళాలు అప్పటికి రెండేళ్ళ క్రితమే మూతపడ్డాయి. మూతపడి ఏం లాభం, లారీలు కెనడాకీ మెక్సికోకీ దారి పట్టాయి. పరుగు తగ్గిన గుర్రం చేతులు మారి మారి ఏదో ఒక వేలంలో కబేళా బేరగాడి చేతిలో పడేది. ఈ అభిమానులు ట్రాకు గేటు దగ్గర బల్ల వేసుకుని, గుర్రాల్ని కబేళాకి పంపొద్దని సంతకాలు పోగుచేసేవాళ్ళు. ట్రాకు యాజమాన్యానికి అది గిట్టేది కాదు. ఉద్యోగులెవరూ ఆ బల్ల చుట్టుపక్కలకి పోవద్దని నోటీసు పెట్టారు.

ఆ బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన రిటైరైన పోస్ట్‌మన్. ఆయనకి ఒక ఆడగుర్రమంటే ప్రాణం. ముదురు గోధుమ రంగు, ఒంటి మీద ఎక్కడా తెల్ల మచ్చ లేదు. గొప్ప గుర్రమేం కాదు. వెనకపడి వెనకపడి చివరి మలుపులో లేచి వచ్చేది. భార్య పోయిన ఏడాది ఆ గుర్రం పరుగు చూడటం కోసమే మంచం దిగేవాణ్ణని ఆయన నాతో ఒకసారి అన్నాడు. రెండు వేల తొమ్మిది వేసవిలో అది కనిపించకుండా పోయింది. అమ్మేశారన్నారు. ఎవరికి అని అడిగితే ఎవరూ చెప్పలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం ఫోరంలో ఎవరో ఫోటో పెట్టారు. పెన్సిల్వేనియాలో ఒక కబేళా బేరగాడి దొడ్డి. బురదలో ముదురు గోధుమ రంగు గుర్రాలు రెండు. ఒకటి ఆ గుర్రమేనని పెద్దాయన అన్నాడు. రెండింట్లో ఏదో మాత్రం చెప్పలేకపోయాడు. ఆయన దాన్ని ఎప్పుడూ కంచె అవతల నుంచే చూశాడు మరి, వీపు మీద నంబరు గుడ్డ ఉండగా. అందుకని నాకు ఫోన్ చేశాడు.

“నువ్వు దాని మొహం పట్టుకుని చూసినదానివి. రేపు మాతో రా. లారీ మధ్యాహ్నం రెండింటికి బయల్దేరుతుందట. నీ పేరు ఎక్కడా బయటికి రానివ్వం.”

వస్తానన్నాను.

మా ఆయనతో చెబితే ఆయన మొహం పాలిపోయింది. “నీకేమైనా మతిపోయిందా? మన ఫైల్ పెండింగ్‌లో ఉంది. అక్కడ ఏదైనా గొడవ జరిగి పోలీస్ రిపోర్ట్ అయితే? ట్రెస్‌పాసింగ్ అంటారు, అది క్రైమ్. మొత్తం అప్లికేషన్ డినై అయిపోద్ది. పిల్లాడి కాలేజీ, ఇల్లు, అంతా పోద్ది తెలుసా!”

“ఊరికే చూసి చెప్పి వచ్చేస్తానండి. పది నిమిషాలు.”

“పది నిమిషాల్లో కొంపలంటుకోవా?”

ఆయన అన్నది తప్పేం కాదు. ఆ రోజుల్లో మా అందరికీ ఇదే భయం. స్పీడింగ్ టికెట్ వచ్చినా లాయరుకి ఫోన్ చేసేవాళ్ళం. పక్కింటివాళ్ళు గట్టిగా తలుపేస్తే మనమేం చేశామోనని ఆలోచించేవాళ్ళం. అలా ఏళ్ళ తరబడి బతికినవాళ్ళకి భయం అలవాటైపోతుంది, అది ఉన్నట్టు కూడా తెలియదు.

సోమవారం నాకు సెలవు. పెద్దాయనా, ఆయన స్నేహితురాలు ఒక నర్సూ ముందు ట్రక్కులో వెళ్ళారు. ట్రక్కు వెనక నర్సుగారి ట్రైలరు. ఒక్క గుర్రానికే చోటుంది అందులో. నేను నా కారులో వెనకాల వెళ్ళాను. ఏదైనా జరిగితే విడిగా పారిపోవచ్చని నా లెక్క.

దొడ్డి గేటు దగ్గర బేరగాడు నిలబడి ఉన్నాడు. మా నాన్న వయసు. టోపీ, రబ్బరు బూట్లు, చేతిలో చిన్న కెమెరా. నా కారు లోపలికి రాగానే వెనక్కి నడిచి నంబరు ప్లేటు ఫోటో తీశాడు. అయిపోయింది, అనుకున్నాను. ఆ క్షణం నుంచి నా కళ్ళకి గుర్రాలు సరిగా కనిపించలేదు. ఆ కెమెరానే కనిపించింది.

“ఒక్కటి తీసుకోండి, పొండి,” అన్నాడు పెద్దాయనతో. “దొడ్లోకి ఎవరూ దిగొద్దు. నోట్లో వేళ్ళు పెట్టొద్దు. మొన్న ఓ గుర్రం ఒకావిణ్ణి కరిస్తే నా మీద కేసేస్తానంది. కంచె బయట నుంచి చూసి చెప్పండి. పని చేసుకోవాలి నేను.”

పెద్దాయన నావైపు చూశాడు. నర్సు కూడా నావైపే చూసింది.

రెండు గుర్రాలూ పక్కపక్కన ఉన్నాయి. తుంటి మీద నంబరు స్టిక్కర్లు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చలికాలపు వెంట్రుకలు మొలిచి ఒళ్ళంతా బురద. నాకు కావాల్సిన గుర్రానికి నుదుటి మీద, కళ్ళకి కాస్త పైన ఒక సుడి ఉంటుంది. మెడ కుడివైపు జూలు కింద ఇంకోటి. కాగితంలో ఉన్నదీ అదే, నాకు గుర్తున్నదీ అదే. మొదటి గుర్రం నావైపు తల తిప్పింది. నుదుటి మీద సుడి ఉంది, కళ్ళకి పైన. రెండో గుర్రం తల దించుకుని అవతలి వైపు చూస్తోంది. దాని నుదురు కనిపించలేదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? “అయ్యా, ఒక్క నిమిషం లోపలికి దిగనివ్వండి” అనాలి. కుదరదంటే బతిమాలాలి. తిడితే తిట్లు తినాలి. కనీసం కంచె చుట్టూ అవతలి వైపుకి నడిచి రెండోదాని మొహం చూడాలి, జూలు ఎత్తించి మెడ చూడాలి. అది ఇరవై అడుగుల దూరం. బేరగాడు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు, కెమెరా మెడలో వేలాడుతోంది. నేను ఉన్నచోటే నిలబడ్డాను. నుదుటి సుడి చాల్లే, మా నాన్నైతే దూరం నుంచే చెప్పేసేవాడు అనుకున్నాను. పిరికితనానికి అలా మా నాన్న పేరు అడ్డం పెట్టుకున్నాను.

“ఇదే,” అన్నాను.

“ఖాయమేనా?” అన్నాడు పెద్దాయన.

“ఖాయం.”

ఆయన కంచెలోంచి చెయ్యి పెట్టి దాని మెడ నిమిరి, పైకే ఏడ్చాడు. డబ్బిచ్చి, గుర్రాన్ని ఎక్కించి ట్రైలరు తలుపు వేస్తుంటే రెండో గుర్రం తలెత్తి మావైపు చూసింది. ఆ నుదురు చూడటానికి నేను ఆగలేదు. అప్పటికే కారు స్టార్ట్ చేశాను.

నర్సుగారి తెలిసినవాళ్ళ కొట్టంలో దించేసరికి సాయంత్రమైంది. ఇంకా వెలుతురుంది. పెద్దాయన బయట ఫోన్లో ఫోరం వాళ్ళకి చెబుతూ నవ్వుతున్నాడు. నర్సు బకెట్‌తో నీళ్ళు మోస్తోంది. అలవాటు కొద్దీ నేను దూదికి స్పిరిట్ అద్ది, దాని పై పెదవి మడిచి తుడిచాను.

అక్షరమే వేరు. రెండేళ్ళు ముందు పుట్టిన గుర్రం అది.

ఇంకోసారి తుడిచాను. మెడ మీద జూలు ఎత్తి చూశాను. నున్నగా ఉంది, సుడి లేదు. గడియారం చూసుకున్నాను. ఐదు.

“డాక్, నంబరు సరిపోయిందా?” అని నర్సు అరిచింది.

“మాసిపోయింది. రేపు టార్చి పెట్టి చూస్తాను,” అన్నాను.

ఇంత అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. లారీ రెండింటికే వెళ్ళిపోయింది కదా, ఇప్పుడు చెప్పి వాళ్ళ సంతోషం పాడుచేయడం తప్ప ఏముంది, అని కారులో నాకు నేనే చెప్పుకున్నాను. లారీ నిజంగా వెళ్ళిందా అని ఒక్క ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. తెలుసుకోలేదు. చేస్తే బేరగాడికి నా నంబరు తెలుస్తుంది. ప్లేటు ఫోటో ఉంది, ఫోన్ నంబరు కూడా చేరితే ఇంకేముంది!

ఇంటికెళ్ళి మా ఆయనకి మొత్తం చెప్పాను.

“ప్లేట్ ఫోటో తీశాడా? నీ పేరు అడిగాడా?” అన్నాడు మొదట. అడగలేదన్నాను. ఊపిరి పీల్చుకున్నాడు. “ఇంక నువ్వు దాని జోలికి పోకు. ఎవరికీ కాల్ చెయ్యకు. రేపు చూద్దాం.”

ఆయన వద్దన్నాడు కాబట్టి నేను ఊరుకున్నానని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది నిజం కాదు. వద్దని ఎవరో ఒకరు అనాలని నాకే ఉంది. అందుకే వెళ్ళి ఆయన్ని అడిగాను. కూర ఏం వండాలో కూడా ఆయన్ని అడగని దాన్ని!

తెల్లారాక ఉండబట్టలేకపోయింది. ఏడింటికి పెద్దాయనకి ఫోన్ చేసి, గుర్రం అది కాదని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. పావుగంటకి మళ్ళీ ఫోన్ వచ్చింది. గొంతు చాలా మెల్లగా ఉంది.

“బేరగాడితో మాట్లాడాను. నిన్న లారీకి టైరు పోయిందట. రాత్రంతా దొడ్లోనే ఉంది. ఈ ఉదయం ఐదింటికి బయల్దేరింది. నిన్న సాయంత్రం ఫోన్ చేసుంటే మార్చి ఇచ్చేవాణ్ణన్నాడు. తనకి ఎన్ని తలలన్నదే లెక్కట, ఏ గుర్రమైతేనేం అన్నాడు.”

“ప్లేటు ఫోటో...” అన్నాను. సిగ్గులేని నోరు! అప్పుడు కూడా అదే అడిగింది.

“ఏ ఫోటో? ఓ, అదా. గుర్రాల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా లోపలికొచ్చిన ప్రతి బండికీ తీస్తాడు. నా ట్రక్కుకీ తీశాడు.”

డ్రైవరు నంబరు సంపాదించి నర్సు అరగంటకోసారి ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. మేం పనులు మానుకుని కూర్చున్నాం. కెనడా సరిహద్దు దాటాక అతనే ఫోన్ చేసి, ఇందాకటి నుంచీ ఎవరు, ఏం కావాలి అని అడిగాడట. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

మరునాడు కొట్టానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు. పెద్దాయన తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చున్నాడు. ఆ గుర్రం ఆయన పక్కనే గడ్డి నములుతోంది.

“నీకు ఎప్పుడు తెలిసింది?” అన్నాడు నావైపు చూడకుండా.

అబద్ధమాడే అవకాశం ఇంకోటి దొరికింది. ఫోన్ చేసిన ఉదయమే తెలిసిందంటే నమ్మేవాడు.

“మొన్న సాయంత్రం ఐదింటికి,” అన్నాను.

ఆయన తలూపాడు. వేళ్ళు మడుస్తూ లోలోపల లెక్కపెట్టుకున్నాడు. ఐదు నుంచి ఐదు. లెక్క అయ్యాక లేచి చేతులు దులుపుకున్నాడు. నన్ను తిడతాడని సిద్ధపడి ఉన్నాను. ఆయన తిట్టలేదు.

“దీని నంబరు చదువు,” అన్నాడు.

చదివాను. ఆయన జేబులోంచి పాత రేసు టికెట్టు తీసి దాని వెనక రాసుకున్నాడు. ఆ నంబరుతో పేరు వెతికితే దొరికింది. చిన్న ట్రాకుల్లో కొద్దిసార్లు పరిగెత్తింది, ఒక్కసారీ గెలవలేదు. దానికోసం ఏ ఫోరంలోనూ ఎవరూ అడగలేదు. “గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు” అంటాం మనం. దాణా ఆయనే పెట్టుకున్నాడు చివరిదాకా. నన్ను మాత్రం ఇంకెప్పుడూ ఏ వేలానికీ పిలవలేదు. ట్రాకులో కనిపిస్తే పలకరించేవాడు, వర్షం వస్తుందా అని, ఎండ బాగుందని. అంతే.

ఫోరంలో నేనే రాయాలన్నాడు, రాశాను. గుర్రం తప్పు చెప్పింది నేనని, తెలిసీ ఒక రాత్రి దాచింది కూడా నేనని. యాజమాన్యం చదివితే ఉద్యోగం పోతుందని తెలిసే రాశాను. మా బాసు చదివి నన్ను గదిలోకి పిలిచింది. కాసేపు కాగితాలు సర్దింది. “పెదవి చూడకుండా సరే అన్నావా?” అంది. అన్నానన్నాను. “ఇక ముందు అనకు,” అని పంపేసింది. ఉద్యోగం పోలేదు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఒక్క గుర్రం పెదవి కూడా వదల్లేదు నేను. నంబరు ఒకసారి చదివితే సరిపోయేచోట మూడుసార్లు చదివేదాన్ని. కుర్ర జాకీలు వెనకాల వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించనీ.

రెండేళ్ళ తరువాత గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి పిలిచారు. అందరినీ పిలిచేవాళ్ళు కాదు, మమ్మల్ని పిలిచారు. మా ఆయన ముందురోజు నుంచీ అన్నం సరిగా తినలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు పదిసార్లు వల్లె వేయించాడు. లోపల ఆఫీసరు ఒక చిన్నపిల్ల, మా అబ్బాయికంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. పేరు అడిగింది. అడ్రసు అడిగింది. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడిగింది, లేదన్నాం. ఏం ఉద్యోగం అని నన్నడిగితే చెప్పాను. “అబ్బ, ఎంత బాగుంటుందో! నాకు గుర్రాలంటే చాలా ఇష్టం,” అంది నవ్వుతూ. ముద్ర వేసి కాగితాలు మావైపు జరిపింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు.

పార్కింగ్ లాట్‌లో మా ఆయన నా చెయ్యి పట్టుకుని, “చూశావా, ఏం అవ్వలేదు!” అన్నాడు. ఆనందంతో ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నేను కారెక్కి తలుపు వేసుకుని, బయటికి వినపడేలా ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని ఆయన నా వీపు నిమిరాడు.